అలైనర్ పెట్టె మీద ఒక డాక్టరు పేరుండాలి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర డెంటల్ కౌన్సిళ్ల అధ్యక్షులకు, సభ్యులకు, రిజిస్ట్రార్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

పాతికేళ్లు దాటినవాళ్లు పళ్ల వరస కోసం క్లినిక్‌కి వస్తే ఇప్పుడు మొదటి మాటే "కనపడని క్లిప్పులు కావాలి" అని. ఆ కోరికలో తప్పేమీ లేదు. తీగ, బ్రాకెట్లు లేకుండా, తినేటప్పుడు తీసి పక్కన పెట్టుకునే ప్లాస్టిక్ ట్రేలతో, అంటే అలైనర్లతో, వంకరపళ్లను సరిచేయడం సాధ్యమే, మేం చేస్తున్న పనే. కాబట్టి ఇది అలైనర్ల మీద ఫిర్యాదు కాదు. మాల్‌లో ఒక కౌంటరు, ఇంటికొచ్చే స్కానర్ కుర్రాడు, ఫోనులో కదిలే ఒక బొమ్మ, తలుపు దగ్గరికొచ్చే ఒక పెట్టె, ఈ నాలుగింటి మధ్య డాక్టరు ఎక్కడున్నాడో పేషెంటుకు తెలియని వ్యాపారం గురించి రాస్తున్నాం.

మేం అడిగేది ఒకటే. ప్రతి అలైనర్ చికిత్సకూ ఒక రిజిస్టర్డ్ డెంటిస్టు బాధ్యత వహించాలి. ఆ డాక్టరు ఆ నోటిని స్వయంగా చూసి, ఎక్స్‌రే చదివి, ప్రణాళిక మీద సంతకం పెట్టాలి. ఆ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ట్రేలు వచ్చే పెట్టె మీద అచ్చయి ఉండాలి. డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదని నియమమున్న దేశంలో, ఎముకలో ఉన్న పన్నును కదిలించే పరికరానికి ఆ మాత్రం అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

ట్రే ఎలా పనిచేస్తుందో ముందు చెప్పాలి, ఎందుకంటే మా వాదనంతా దానిలోనే ఉంది. సుమారు 0.75 మి.మీ. మందమున్న ప్లాస్టిక్ రేకును వేడిచేసి, పళ్ల అచ్చు మీద ఒత్తిడితో దించి ట్రే చేస్తారు. ఆ అచ్చు పళ్లు ఇప్పుడున్న తీరుది కాదు, వాటిని చేర్చాల్సిన తీరుది. తేడా ఒక్కో ట్రేకి పావు మిల్లీమీటరుకు మించదు. తిప్పాల్సిన పన్నైతే సుమారు 2 డిగ్రీలు. ఈ లెక్క కంపెనీవాళ్లు సరదాకి పెట్టుకున్నది కాదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య ఉండే నార పొర మందం దాదాపు 0.2 మి.మీ. మరీ గట్టిగా నెడితే ఆ పొరలోని రక్తనాళాలు నలిగిపోతాయి. ఎముకను కరిగించి దారి ఇవ్వాల్సిన కణాలు అక్కడికి చేరవు. పన్ను కదలదు, నొప్పి మాత్రం మిగులుతుంది, వేరు కొస కరిగే ప్రమాదం పెరుగుతుంది. ట్రేకి అర మిల్లీమీటరు చొప్పున పెట్టి ఇరవై నాలుగు ట్రేల పనిని పన్నెండుకు కుదించే ప్యాకేజీలు చౌకగా కనిపిస్తాయి. ఎముకకు ఆ బేరం తెలియదు.

ఇంకో సంగతి. ట్రే పట్టుకునేది చిగురు బయట కనిపించే పంటి భాగాన్ని మాత్రమే. వేరు లోపల ఉంది. పైభాగాన్ని నెడితే పన్ను వాలుతుంది; వేరుతో సహా నిటారుగా జరపడం వేరే విద్య. కంప్యూటరు తెర మీద ఈ తేడా కనిపించదు. అక్కడ పన్నును మౌసుతో పట్టి లాగితే వేరుతో సహా వస్తుంది, ఎముకా చిగురూ అడ్డురావు. పేషెంటుకు ఫోనులో పంపే బొమ్మ అదే. అది చికిత్స ఫలితం కాదు, డాక్టరు రాసుకున్న కోరికల జాబితా. ఇన్విజలైన్ అనే ప్రముఖ బ్రాండు ట్రేల మీద 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో, తెర మీద అనుకున్న కదలికలో సగటున 41 శాతం నోట్లో జరిగింది. ప్లాస్టిక్ మారి, పద్ధతులు మెరుగయ్యాక 2020లో మళ్లీ కొలిస్తే 50 శాతం. ఇది అలైనర్ల మీద నింద కాదు. మొదటి పెట్టెతో పని పూర్తికాకపోవడం మామూలే అని ఒప్పుకోవడం. అందుకే మధ్యలో మళ్లీ స్కాన్ తీసి, మరో విడత ట్రేలు చేయిస్తాం. మా భాషలో రిఫైన్‌మెంట్ అంటాం. మొదటి విడత 24 ట్రేలు, పది రోజులకొకటి అనుకుంటే 240 రోజులు. రెండో విడత 10 ట్రేలంటే ఇంకో వంద రోజులు, మధ్యలో ట్రేలు తయారై వచ్చేదాకా కొన్ని వారాలు. "ఆరు నెలల్లో అందమైన నవ్వు" అన్న హోర్డింగు ఈ కూడికలో ఎక్కడ ఇముడుతుందో మాకర్థం కాదు.

ఏ పన్ను సులువుగా కదులుతుంది, ఏది మొండికేస్తుంది అన్నది పని తెలిసినవాళ్లకు కంఠస్థం. ముందుపళ్ల మధ్య చిన్న చిన్న సందులు మూయడం, కాస్త ముందుకో వెనక్కో వాలిన పళ్లను నిలబెట్టడం ట్రేలకు బాగా వచ్చిన పని. గుండ్రంగా ఉండే కోరపళ్లను, వాటి వెనక ఉండే చిన్న దవడపళ్లను తిప్పడం కష్టం. పట్టు దొరక్క ట్రే జారుతుంది. పై ముందుపళ్లలో పక్కనుండే చిన్నవాటిని కిందికి దించడం ఇంకా కష్టం. అందుకే పంటి రంగు కాంపోజిట్‌తో పళ్ల మీద చిన్న గుబ్బలు అతికిస్తాం, వాటినే అటాచ్‌మెంట్లంటాం. "ఏమీ అతికించం, పూర్తిగా కనపడదు" అని అమ్మేవాళ్లు ఈ పట్టును వదులుకుని అమ్ముతున్నారు. గుబ్బల్లేని ప్రణాళికతో నయమయ్యే కేసులు లేకపోలేదు. అవి ఏవో చెప్పాల్సింది సేల్స్ మనిషి కాదు.

మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఎత్తుపళ్ల సమస్య. పైవీ కిందివీ రెండూ ముందుకు పొడుచుకొచ్చి, పెదాలు మూతపడక ఇబ్బందిపడే పెద్దవాళ్లు. వాళ్లలో చాలామందికి నాలుగు చిన్న దవడపళ్లు తీసి, ఒక్కోచోట వచ్చిన సుమారు 7 మి.మీ. ఖాళీలోకి ముందుపళ్లను వెనక్కి తేవాలి. ఇది అలైనర్లకు అతి కఠినమైన పని. పక్కపళ్లు రెండువైపులా ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, ముందుపళ్లు కిందికి దిగి కొరుకుడు లోతవుతుంది, మధ్యలోని దవడపళ్లు పైవీ కిందివీ ఆనకుండా తేలతాయి. పెద్ద గుబ్బలు, రబ్బరు బ్యాండ్లు, ఎముకలో పెట్టే చిన్న స్క్రూలు, ముందే లెక్కవేసి పెట్టిన అదనపు వంపు, ఇవన్నీ కలిస్తేనే నెట్టుకురాగలం. కొన్ని కేసుల్లో మామూలు క్లిప్పులే మేలని చెప్పాల్సి వస్తుంది. ఎదుగుదల ఆగిపోయిన వయసులో దవడే పెద్దదో చిన్నదో అయితే ట్రే ఏమీ చేయలేదు, అది ఆపరేషన్ చేసే సర్జన్ చూడాల్సిన విషయం. ప్రకటనలో మాత్రం "పళ్లు తీయకుండానే" అని ఉంటుంది. పళ్లు తీయకుండా ఎత్తుపళ్లను వరసలోకి తోస్తే చోటు ఎక్కణ్ణుంచి వస్తుంది? వరసను వెడల్పు చేసి, పళ్లను ఇంకా బయటికి వాలుస్తారు. ముందుపళ్ల బయటివైపు ఎముక చాలామందిలో కాగితమంత పలచగా ఉంటుంది. దాన్ని దాటి వేరు బయటికొస్తే చిగురు వేరు వైపుకి జారి, పన్ను పొడవుగా కనిపించడం మొదలవుతుంది. జారిన చిగురు దానంతటది తిరిగి రాదు.

చోటు సంపాదించే మరో దారి పళ్ల పక్కల ఎనామిల్ కొద్దిగా అరగదీయడం, అంటే ఐపీఆర్. ఈ మాట చాలామంది పేషెంట్లు కుర్చీలో కూర్చున్నాకే మొదటిసారి వింటారు. ఒక్కో సందులో 0.2 నుంచి 0.5 మి.మీ. దాకా, రెండు పళ్లూ పంచుకుని. కింది ఆరు ముందుపళ్ల మధ్య ఐదు సందులున్నాయి. సందుకు అర మిల్లీమీటరు చొప్పున తీస్తే రెండున్నర మిల్లీమీటర్ల చోటు దొరుకుతుంది, కొద్దిగా కిక్కిరిసిన వరసకు అది దాదాపు సరిపోతుంది. ఇంతవరకూ బాగుంది. చెడేది ఎక్కడంటే, ప్రణాళికలో 0.3 అని రాసి ఉన్నచోట చేతి అంచనాతో 0.1 తీసి వదిలేయడం. అప్పుడు పళ్లు ఒకదానికొకటి ఢీకొట్టి ఆగిపోతాయి, ట్రే కూర్చోదు, పేషెంటు సరిగ్గా పెట్టుకోలేదని నింద అతని మీదకే పోతుంది. తీశాక గేజి పెట్టి కొలవాలి, గరుకు పోయేలా పాలిష్ చేయాలి, ఫ్లోరైడ్ పూయాలి. బాగా తిరిగిపోయి ఉన్న పంటికి మొదటిరోజే ఐపీఆర్ చేస్తే అరగదీయాల్సిన పక్క అందదు, వేరే పక్క అరుగుతుంది. పన్ను కొంత తిరిగాక చేయాలి. కింది ముందుపళ్ల ఎనామిల్ అసలే పలచన, ఒక మనిషి నోట్లో ఇది రెండోసారి చేయడానికి పెద్దగా మిగలదు. పోస్టులో ట్రేలు పంపేవాళ్లు ఈ పని చేయలేరు. చేయలేరు కాబట్టి ప్రణాళికలోంచే తీసేసి, పళ్లను బయటికి వాల్చే దారి పడతారు. ఇది మేం మీ దృష్టికి తేదలచిన ముఖ్యమైన సంగతుల్లో ఒకటి.

ఇక ట్రే పెట్టకముందు జరగాల్సినవి. పళ్ల వేళ్లన్నీ కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తప్పనిసరి. ఎత్తుపళ్లో, దవడల తేడాయో ఉంటే పక్కనుంచి తీసే సెఫలోగ్రామ్. చిగుళ్ల చుట్టూ ప్రోబ్ దించి ప్రతి పంటికీ ఆరుచోట్ల లోతు కొలవాలి. ఆరోగ్యమైన చిగురులో ఆ లోతు 3 మి.మీ. దాటదు, 5, 6 వస్తూ రక్తం కారుతుంటే ముందు గార తీసి, చిగుళ్ల జబ్బు అదుపులోకి తెచ్చి, కొన్ని నెలలు ఆగి మళ్లీ కొలవాలి. వాచిన చిగుళ్ల మధ్య పన్నును కదిపితే ఎముక ఇంకా వేగంగా పోతుంది. నలభై దాటినవాళ్లలో పళ్ల మధ్య కొత్తగా సందులు పడుతున్నాయంటే అది వరస సమస్య కాకపోవచ్చు, ఎముక కరుగుతున్న గుర్తు కావచ్చు. ఆ మనిషే "సందులు మూయించుకుందాం" అని మాల్ కౌంటరు దగ్గర ఆగుతాడు. షుగరుందా, అదుపులో ఉందా అడగాలి. ఎముకలు గుల్లబారినందుకు వాడే మందులు మింగుతున్నారా అడగాలి, వాటితో ఎముక స్పందన మందగిస్తుంది. ఇంప్లాంటు ఎక్కడుందో చూడాలి, అది ఎముకకు అతుక్కుపోయింది, అంగుళం కాదు కదా వెంట్రుకంత కూడా జరగదు. బ్రిడ్జి వేసిన పళ్లను విడివిడిగా కదపలేం. దాగి ఉన్న జ్ఞానదంతాలు, వేరు చివర చీము, పాత రూట్ కెనాల్, ఇవన్నీ ఎక్స్‌రేలోనే తెలుస్తాయి. ఇంట్లో తీసిన స్కాన్ పళ్ల పైతొడుగునే చూపిస్తుంది.

ఈ విషయంలో కాలిఫోర్నియా రాష్ట్రం 2019లోనే చట్టం చేసింది: ఎముక కనిపించే ఎక్స్‌రేలు డెంటిస్టు పరిశీలించకుండా పళ్లు కదిలించే చికిత్స మొదలుపెట్టకూడదని. అలాంటి వాక్యం ఒక్కటి మన దగ్గర లేదు. 2017 వైద్య పరికరాల నిబంధనలు ఉన్నాయి, 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నిటినీ వాటి పరిధిలోకి తెచ్చారు, సంతోషం. అవి కర్మాగారంలో ప్లాస్టిక్ ఎలా తయారవుతుందో చూస్తాయి. ఆ ప్లాస్టిక్ ఎవరి నోట్లోకి, ఏ పరీక్ష తర్వాత వెళ్తోందన్నది చూడాల్సింది మీరు. 1948 డెంటిస్టుల చట్టం దంతవైద్యానికిచ్చిన నిర్వచనంలోనే పళ్లకు, దవడలకు చేసే చికిత్స ఉంది. 2023లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ దంత కమిషన్ చట్టం కింద ఏర్పడే రాష్ట్ర మండలులకైనా ఈ బాధ్యత తప్పదు.

డాక్టరు పేరు లేకపోతే ఏమవుతుందో అమెరికాలో చూశాం. 2014లో మొదలై, ఇరవై లక్షల మందికి పైగా సేవలందించామని చెప్పుకున్న స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ అనే, ట్రేలను నేరుగా ఇంటికే పంపే కంపెనీ 2023 సెప్టెంబరులో దివాలా పిటిషన్ వేసి, డిసెంబరులో ఉన్నట్టుండి తలుపులు మూసేసింది. సగం ట్రేలు వేసుకున్నవాళ్లకు మిగతా సగం రాలేదు. జీవితకాల గ్యారంటీ రద్దయింది. వాయిదాలు మాత్రం కడుతూనే ఉండమన్నారు. వాళ్లు పక్కవీధి ఆర్థోడాంటిస్టు (పళ్ల వరస డాక్టరు) దగ్గరికి వెళ్తే ఆయన చేతిలో ఏమీ లేదు, అన్నీ మొదటినుంచే. తర్వాతి ఏడాది, 2024 అక్టోబరులో, దంతవైద్య పరికరాల కంపెనీ డెంట్‌స్ప్లై సిరోనా తన బైట్ బ్రాండు అలైనర్ల అమ్మకాన్ని తనంతట తానే ఆపింది. అలైనర్లు పనికిరాని నోళ్లున్నవాళ్లు కూడా చికిత్సలో చేరి ఉండొచ్చన్న అనుమానం దానికి ఒక కారణం. రెండూ అక్కడి కథలే అయినా అదే నమూనా వ్యాపారం ఇక్కడా ఉంది. కాబట్టి పేషెంటు చేతికి మొదటిరోజే అందాల్సినవి మేం పేరుపేరునా చెబుతాం. మొదటి స్కాన్ ఫైలు, చివర అనుకున్న వరస ఫైలు, ఏ పంటికి ఏ ట్రే దగ్గర ఏ గుబ్బ, ఏ సందులో ఎంత ఐపీఆర్ అన్న పట్టిక, ఓపీజీ, చిగుళ్ల కొలతలు. పెన్‌డ్రైవ్‌లో పట్టే సరుకే. ఇవి ఉంటే కంపెనీ మూతపడ్డా, డాక్టరు ఊరు మారినా, పేషెంటే ఊరు మారినా మరొకరు పని అందుకోగలరు.

ఊరు మారడం మన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. సంక్రాంతికో పెళ్లికో మూడు వారాల సెలవు మీద వచ్చి, హైదరాబాద్‌లో స్కాన్ తీయించుకుని, గుబ్బలు అతికించుకుని, ముప్పై ట్రేల పెట్టెతో డల్లాస్‌కో సిడ్నీకో వెళ్లిపోయేవాళ్లున్నారు. ధర తేడా చూసి చేసే పని, అర్థం చేసుకోగలం. కానీ పదో ట్రే దగ్గర ఒక గుబ్బ ఊడితే అక్కడి డాక్టరు ఆ ప్రణాళిక తనది కాదంటాడు. పద్నాలుగో ట్రే దగ్గర చేయాల్సిన ఐపీఆర్ ఎవరు చేస్తారు? ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి కళ్లతో చూడటం కుదరని మనిషికి ముప్పై ట్రేలూ ఒకేసారి చేతిలో పెట్టకూడదన్న నియమం కావాలి. మధ్యలో ఫొటోలు పంపించుకుని చూడటానికి మేం వ్యతిరేకం కాదు, అదెంతో ఉపయోగం. నోటిని చూడటానికి బదులుగా ఫొటో చూడటానికే వ్యతిరేకం.

నోట్లో ట్రే కూర్చుందో లేదో పేషెంటే గుర్తుపట్టవచ్చు, ఎవరూ చెప్పరంతే. ట్రే పెట్టాక పంటి అంచుకూ ప్లాస్టిక్‌కూ మధ్య గాలి సందు కనిపిస్తే ఆ పన్ను వెనకబడింది. ఎక్కువసార్లు అది పై ముందుపళ్లలో పక్కనుండే చిన్నదే. అప్పుడు తర్వాతి ట్రేకి పోకూడదు. చూయీ అనే మెత్తని గొట్టం ముక్కను ఆ పంటి దగ్గర పెట్టుకుని ట్రే మార్చిన ప్రతిసారీ ఐదు పది నిమిషాలు కొరకాలి, అదే ట్రేని ఇంకో వారం వేసుకోవాలి. ఐనా సందు పోకపోతే క్లినిక్‌కి రావాలి: బటను అతికించి రబ్బరు బ్యాండుతో దించడమో, కొత్త స్కానో. సందును పట్టించుకోకుండా తేదీ ప్రకారం ట్రేలు మార్చుకుంటూ పోతే ఐదారు ట్రేల తర్వాత ఏ ట్రే కూడా పట్టదు. ట్రే పోతే? అప్పటికే దాని గడువు చాలావరకు అయిపోయి ఉంటే డాక్టరునడిగి తర్వాతిది వేసుకోవచ్చు. మొదటి రెండు మూడు రోజుల్లోనే పోతే వెనకటి ట్రేకి వెళ్లాలి. అందుకే పాతది వెంటనే పారేయకూడదు. ఇవన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇవ్వడానికి ఎవరికైనా ఏం అడ్డం?

రోజుకు 22 గంటలు వేసుకోవాలంటారు, 20కి తగ్గితే పని చెడుతుంది. మన తిండి వేళలతో ఇది ఎలా కుదురుతుందో కాస్త లెక్కేద్దాం. మూడు పూటల తిండికి అరగంట చొప్పున గంటన్నర. తినగానే పళ్లు తోముకుని పెట్టుకోవాలి కాబట్టి ఇంకో పావుగంట. ఆఫీసులో నాలుగు టీలు, టీకి పావుగంట చొప్పున గంట. సాయంత్రం మిరపకాయ బజ్జీల సంగతి లెక్కలో వేయలేదు. అక్కడికే రెండు గంటల ముప్పావు. టీలు రెండుకు తగ్గించుకుంటారా, చికిత్స పొడిగించుకుంటారా అన్నది ముందే మాట్లాడుకోవాలి. ట్రే తీయకుండా టీ తాగేస్తే రెండు నష్టాలు. చాలా ట్రేలకు వాడే పీఈటీజీ ప్లాస్టిక్ 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, పొగలు కక్కే టీకి ట్రే ఆకారం తప్పుతుంది. రెండోది, చక్కెర నీళ్లు ట్రే లోపల నిలిచి పంటిని నానబెడతాయి, లాలాజలం వచ్చి కడగలేదు. నెలల్లో తెల్ల మచ్చలు, తర్వాత పుచ్చులు. కూల్‌డ్రింకులకూ నిమ్మరసానికీ ఇదే వర్తిస్తుంది. ట్రేలను వేడినీళ్లతో కడగకూడదు, మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదలకూడదు. చన్నీళ్లు, మెత్తని బ్రష్షు, కొద్దిగా సబ్బు చాలు. పసుపు వేసిన కూరలతో గుబ్బలు, ట్రేలు పచ్చబడతాయి, అది ప్రమాదం కాదు, చూడ్డానికి బాగోదు అంతే. గుట్కా, ఖైనీ వాడేవాళ్లకు మాత్రం ముందు ఆ అలవాటు గురించి, నోటి లోపలి మచ్చల గురించి మాట్లాడాలి. ట్రే సంగతి తర్వాత.

నల్గొండ, కనిగిరి ప్రాంతాల ఫ్లోరైడ్ నీళ్ల గురించి మీకు మేం చెప్పనక్కర్లేదు. ఆ పళ్ల మీద గుబ్బలు అతికించడం వేరే పని. మామూలు ఎనామిల్‌కి 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ 15 నుంచి 30 సెకన్లు పెడితే పట్టు వస్తుంది. ఫ్లోరోసిస్ పంటి పైపొర యాసిడ్‌కి లొంగదు. ఎక్కువసేపు పెట్టాలి, అవసరమైతే పైపొర కొద్దిగా గీరాలి, అయినా ఊడుతుంటాయని ముందే చెప్పాలి. పింగాణీ క్యాపు మీద అతికించాలంటే ఇంకో రకం యాసిడ్, పట్టు కోసం సైలేన్ అనే ద్రవం కావాలి. ఇవి తెలియని ప్రణాళిక నోటిని చూడకుండా వేసిన ప్రణాళికే.

చివర్లో దవడపళ్లు కలవకపోవడం మరో మామూలు ఫిర్యాదు. పైనొక పొర, కిందొక పొర, రెండూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్లాస్టిక్‌ను నెలల తరబడి కొరుకుతూ ఉంటే వెనకపళ్లు లోపలికి అణుగుతాయి. ట్రే తీస్తే ముందుపళ్లు తగులుతాయి, వెనక అన్నం నమలలేరు. చాలావరకు, వెనకభాగం కత్తిరించిన ట్రేతోనో రాత్రిపూట మాత్రమే వేసుకునో కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే బ్యాండ్లు కావాలి. "ట్రేలు అయిపోయాయి, చికిత్స పూర్తయింది" అని సందేశం పంపి ఖాతా మూసేసే పద్ధతిలో ఈ మనిషిని ఎవరు చూడాలి?

మా ఇంట్లో లోపాలు దాచి మీ ముందుకు రావడం న్యాయం కాదు. తొలి ప్రణాళిక గీసేది చాలాసార్లు కంపెనీ టెక్నీషియన్. డాక్టరు దాన్ని మార్చాలి, వాదించాలి, అక్కర్లేని వెడల్పు తీసేయాలి. ఒక్క మార్పూ లేకుండా ఆమోదం బొత్తాం నొక్కే డాక్టర్లున్నారు. ఎన్ని కేసులు పంపితే అంత పెద్ద లోహం పేరో రత్నం పేరో బిరుదుగా ఇచ్చే పద్ధతీ ఉంది. బోర్డు మీద దాన్ని చూసి పేషెంటు అది నైపుణ్యానికి వచ్చిందనుకుంటాడు. అది కొనుగోలు లెక్క. బీడీఎస్ చదివినవాళ్లు అలైనర్లు చేయకూడదని మేం అనడం లేదు, చట్టం వాళ్లకు ఆ హక్కునిచ్చింది. మూడేళ్లు ఎండీఎస్‌లో ఇదే నేర్చుకున్నవాళ్లెవరో, వారాంతం శిక్షణతో మొదలుపెట్టినవాళ్లెవరో పేషెంటుకు తెలియాలని మాత్రం అంటున్నాం. పెట్టె మీద పేరుతోపాటు డిగ్రీ కూడా ఉండాలి.

ప్రకటనల మీద కొత్త చట్టం అక్కర్లేదు. 2014 నైతిక నియమావళి మన చేతిలోనే ఉంది, వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో తెచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాలూ ఉన్నాయి. "నొప్పి ఉండదు", "ఆరు నెలలు", "పళ్లు తీయం" అనే మూడు మాటలు పరీక్షకు ముందే ఎవరు చెప్పినా నోటీసు ఇవ్వండి.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఈఎంఐ అంటే పేషెంటు అప్పు పడేది అలైనర్ కంపెనీకి కాదు, వేరే ఫైనాన్స్ సంస్థకు. చికిత్స ఆగినా అప్పు ఆగదు. డిజిటల్ రుణాల మీద రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రుణ వివరాల పత్రం ఇవ్వాలి, నిర్ణీత గడువులో రుణం వద్దనుకునే వీలుండాలి. స్కాన్ రోజునే, ప్రణాళిక కూడా చూపించకముందే ఫోనులో ఓటీపీ చెప్పించుకోవడం ఆపించండి. మా సూచన: ప్రణాళిక చూసి పేషెంటు సంతకం పెట్టేవరకు పరీక్ష, ఎక్స్‌రే ఖర్చుకు మించి తీసుకోకూడదు, మిగతా డబ్బు ట్రేల విడతలవారీగా కట్టించుకోవాలి. రిఫైన్‌మెంట్లు ఎన్ని, రిటైనర్లు (చికిత్స అయ్యాక పళ్లు పాతచోటికి పోకుండా పట్టి ఉంచేవి) ధరలో కలిశాయా లేదా అన్నది అంకెల్లో రాయాలి.

రిటైనర్ల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ధర తగ్గించినవాళ్లు మొదట కోసేది అక్కడే. పన్ను కొత్తచోటికి వచ్చినా చిగురులోని సాగే నారలు పాతచోటికే లాగుతుంటాయి, అవి సర్దుకోవడానికి ఏడాది దాకా పడుతుంది. తిప్పిన పళ్లకు ఈ లాగుడు మరీ ఎక్కువ. మొదటి నెలల్లో దాదాపు రోజంతా, తర్వాత రాత్రిపూట, మేం నిజాయితీగా చెప్పగలిగిన గడువు "పళ్లు వరసలో ఉండాలనుకున్నన్నాళ్లూ". కింది ముందుపళ్ల వెనక సన్నని తీగ అతికించడం మంచిదే, కానీ దాని చుట్టూ గార పడుతుంది, ఒకచోట ఊడితే పేషెంటుకు తెలియకుండా పన్ను జరుగుతుంది. చివరి ట్రేనే రిటైనర్‌గా వాడుకోమనడం పొదుపు కాదు, అది ఒకటి రెండు వారాల కోసం చేసిన ప్లాస్టిక్.

పైన చెప్పినవన్నీ ఒక్క రోజులో నియమాలుగా రావని తెలుసు. మొదట రెండు పనులు చేయండి. ఓపీజీ, చిగుళ్ల కొలతలు, సంతకం పెట్టిన రిజిస్టర్డ్ డెంటిస్టు లేకుండా ట్రేలు ఇవ్వడాన్ని వృత్తి నియమ ఉల్లంఘనగా ప్రకటిస్తూ ఒక సర్క్యులర్. రెండోది, తెలుగులో ఒక పేజీ అంగీకార పత్రం: డాక్టరు పేరు, డిగ్రీ, నంబరు, ట్రేల సంఖ్య, ఒక్కోదానికి రోజులు, అటాచ్‌మెంట్లు ఏ పళ్ల మీద, ఐపీఆర్ ఏ సందుల్లో ఎంత, పళ్లు తీయాలా, రిఫైన్‌మెంట్లు, రిటైనర్లు, మొత్తం ధర, మధ్యలో ఆపితే తిరిగొచ్చేది ఎంత, ఫైళ్లు ఇచ్చినట్టు పేషెంటు సంతకం. ఈ పత్రం ముసాయిదా మేం రాసి సిద్ధంగా ఉంచాం. మీ కార్యాలయాలు తేదీ చెబితే హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా వచ్చి అందజేసి, ఒక్కో గడి ఎందుకుందో వివరిస్తాం.

ఇట్లు,
రెండు తెలుగు రాష్ట్రాల్లో పళ్ల వరస వైద్యం చేస్తున్న కొందరు ఆర్థోడాంటిస్టులు